పీట ఎత్తు

బహుళ తదియ

మోకాలికి తెలిసిన వయసు వేలికి ఎందుకు తెలియదు? సముద్రం నడుమ ఈ గట్టు మీద స్థిరపడిన నాటి నుంచీ ఈ ప్రశ్న నా వెంట తిరుగుతోంది. ఎవరినీ అడగలేదు. అడిగితే నవ్వుతారు. నవ్వకపోతే ఇంకా భయం.

ఈ సాయంత్రం మా అత్త మూడో గోపురం దిగి వచ్చింది. మా నాన్నకు అక్క, నూకరత్నం. ఆమె వస్తోందని లోపల ఉండగానే తెలిసిపోతుంది. ముందు గీకుడు కత్తిని గోడకు తగిలించిన చప్పుడు, తర్వాత మోకాళ్ల చప్పుడు, ఎండు పుల్లలు విరిచినట్టు. ఆమె పుట్టి డెబ్బై రెండేళ్లయింది. మొన్న పౌర్ణమికి, వేలిని చూసి వయసు చెప్పే వేలిమీటరు పెడితే నలభై ఒకటి చూపించింది. పెట్టింది నేనే. ఈ గట్టు మీద కొలతలు తీసేది నేను. విశ్వవిద్యాలయంలో చదివిన గణాంకశాస్త్రానికి సముద్రం మధ్యలో దొరికిన ఉద్యోగం అది.

నాకు నలభై ఆరేళ్లు. మీటరు లెక్కలో నలభై నాలుగు. ఇక్కడ వరసలు మీటరును బట్టే పిలుస్తారు కనుక నేను మా అత్తకు అక్కను.

"ఏటి అక్కా, అంబలి కాసీసేవా?" అంది లోపలికి వస్తూనే. ఈ హాస్యం ఆమెకు ఎన్నాళ్లయినా పాతబడదు.

"కాశాను చెల్లీ. కాళ్లు కడుక్కుని రా."

"కడుక్కోడానికి వొంగాలి గదేటే. ఆ పని నువ్వు సూడు."

నవ్వింది. నవ్వు ఆగిపోయాక కూడా గోడను పట్టుకునే ఉంది.

సముద్రపు నీళ్లు గోపురాల్లోకి వెళ్లి మంచినీళ్లై బయటికి వస్తాయి. ఉప్పు లోపలి గోడలకు పెచ్చు కడుతుంది. రోజూ గీకకపోతే మర్నాడు కొళాయి ఎండిపోతుంది. మీటరు యాభై లోపు చూపించిన వాళ్లకు పైపని, అంటే నిచ్చెన ఎక్కి గీకడం. యాభై దాటితే కిందపని, రాలిన ఉప్పు తట్టలకెత్తడం. అరవై చూపిస్తే అందరి ముందూ పీట వేస్తారు. ఇక ఆ మనిషి పని చెయ్యక్కర్లేదు, కూర్చోవచ్చు.

నేను వచ్చాక ఒక్కరికీ పీట పడలేదు. అందరూ పొద్దున అంబలిలో చెంచాడు నిగ్గు కలుపుకుంటారు. వంకాయ రంగు పొడి. అది తింటే వయసు నిలిచిపోతుందని నమ్మకం. రంగు నాలుక మీద రోజంతా ఉంటుంది, అందుకే ఇక్కడ ఎవరు ఆవులించినా ఊదా నాలుకే కనిపిస్తుంది. పీట అనేది తిట్టు అయిపోయింది. కొళాయి దగ్గర తగవు ముదిరితే "నీకు పీటెయ్యా!" అని అరుచుకుంటారు.

అత్తకు మూడో గోపురంలో అన్నిటికంటే పై మెట్టు ఇచ్చారు. నలభై ఒకటి కదా.

బహుళ పంచమి

గట్టు పెద్ద దాలినాయుడు దగ్గరికి వెళ్లాను. ఆఫీసు తలుపు గాలికి కొట్టుకోకుండా కింద ఒక పీటను అడ్డం పెట్టాడు. దాన్ని దాటుకుంటూ లోపలికి నడిచాను.

"మా అత్తను కిందపనికి మార్చండి."

"నలభయ్యొకటికి కిందపనేటండీ? రత్తం చెల్లి నాకంటే రెండేళ్లు సిన్నది."

"మిమ్మల్ని చంకనేసుకుని తిప్పిన మనిషి ఆవిడ."

"తిప్పింది. కాదన్నానా? అప్పుడు పెద్దది. ఇప్పుడు సిన్నది."

నిజంగా నమ్మే చెప్పాడు. నాకు అదే కష్టం. ఎగతాళి చేస్తే పోట్లాడొచ్చు.

"ఆవిడ చేతులు చూశారా? తట్ట అంచు తగిలితే చాలు, కమిలిపోతున్నాయి."

ఆయన చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. మోచేతి దగ్గర అలాంటి మచ్చలే, నాలుగో ఐదో. "అందరికీ ఉన్నాయి. ఉప్పుగాలి."

ఉప్పుగాలి కావచ్చు. వయసు కావచ్చు. నిగ్గే కావచ్చు. తేల్చడం ఎలా? నిగ్గు తినని మనిషి ఎవరైనా ఉంటే పక్కన నిలబెట్టి పోల్చవచ్చు. గట్టు మీద తినని మనిషి లేదు. అందరూ తింటున్నారు కనుక మంచిదంటారు. మంచిది కనుక అందరూ తింటున్నారంటారు.

"మీటరుకి అబద్ధం ఆడ్డం రాదండి ఇందుమతిగారూ."

"అడగనిదానికి జవాబు చెప్పడం కూడా రాదు కదండీ. అది చూసేది వేలి చర్మంలోని మెరుపును. మెరుపు ఎక్కువుంటే వయసు తక్కువంటుంది. ఆ మెరుపు వయసుదో, పొద్దున తిన్న పొడిదో మనం దాన్ని ఎప్పుడైనా అడిగామా?"

దాలినాయుడు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. గోపురాలు నాలుగూ అక్కడి నుంచి కనిపిస్తాయి. "పైకెక్కీవోళ్లు ఇప్పటికే సాలడం లేదు. మీ అత్తని దింపీసి నీళ్లు ఎవులిసేత తెప్పించమంటారు? మీరే సెప్పండి."

 నీళ్లు మా ఇంటికీ కావాలి.

కానీ ఒక పని నా చేతిలో ఉంది. రేపు పొద్దుటి నుంచి నా గిన్నెలో నిగ్గు వేసుకోను. తినని మనిషి లేకపోతే ఆ మనిషి నేనే అవుతాను. అత్త గిన్నెలో మాత్రం ఎప్పటిలాగే వేస్తాను. చెప్పకుండా ఆపే హక్కు నాకు లేదు. చెబితే ఆవిడ ఒప్పుకోదు.

బహుళ నవమి

మధ్యాహ్నం ఎర్రయ్యమ్మ పరుగున వచ్చింది. అత్త కన్నా ఒక మెట్టు కింద నిలబడి గీకే మనిషి ఆవిడ. గుమ్మంలోనే మొదలుపెట్టింది. "మీ అత్త కాలు జారిపోనాదమ్మా! ఒంటిసేత్తో నిచ్చెనకి యేలాడిపోనాది. నా నెత్తి మీద పడిపోద్దనుకున్నాను."

వెనకే అత్త వచ్చింది. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉంది. "యేలాడ్డం కాదే, ఊగినాను. తడి ఉన్నాది, జారింది, అంతే. ఇది ఊరంతా డప్పేసుకోని సెప్తన్నాది."

"డప్పెయ్యకపోతే నువ్వు సెప్తావేటి!" అంటూ ఎర్రయ్యమ్మ నా వైపు తిరిగి ఆగిపోయింది. "ఇదేటమ్మా, నీ నాలుక ఎర్రగున్నాది?"

"తమలపాకు వేసుకున్నాను," అన్నాను.

"గట్టు మీద తమలపాకు ఎక్కడిదే?" అంది అత్త.  ఎర్రయ్యమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి వెళ్లిపోయింది.

దాచి లాభం లేదని అత్తకు చెప్పేశాను. నిగ్గు మానేశానని, అమావాస్య కొలతకు నా వేలు ఏం చెబుతుందో చూడాలని. "నీకు నలభై ఒకటి లేవు అత్తా. డెబ్బై రెండున్నాయి. ఆ నిచ్చెన నీకు తగదు. నీకు పీట పడాలి."

నేను చెయ్యి చేసుకున్నట్టు చూసింది. "నాకు పీటేస్తావేటే? నా సేత్తో బువ్వ తిన్నదానివి, నాకు పీటేస్తావా?"

"తిట్టడం లేదు. కూర్చోమంటున్నాను."

"కూకోని ఏటి సెయ్యాలి? నిగ్గు రాకముందు నన్ను ముసల్ది అనీవోరు. కల్లాపి జల్లినట్టు పక్కకి జల్లీసేవోరు. ఇప్పుడు ఎర్రయ్యమ్మ పక్కన కూకోబెట్టుకోని జడేస్తాది. సెల్లీ అంటాది. ఆ మాటకి నాను పైకెక్కుతాను, నువ్వేటి సెప్పినా ఎక్కుతాను."

నా దగ్గర దీనికి శాస్త్రం లేదు. నిగ్గు ఒంటికి ఏమిచ్చిందో తెలియదు గానీ, పక్కన కూర్చునే మనిషిని ఇచ్చింది. అది చిన్న గుణమేమీ కాదు. అది తీసేస్తే బదులు నేనేం ఇవ్వగలను?

కానీ ఆమె నిచ్చెన మీంచి పడితే జడ వేయడానికి తల కూడా మిగలదు.

బహుళ త్రయోదశి

అత్త చెయ్యి మణికట్టు నుంచి భుజం దాకా నల్లగా ఉంది. అంబలి కుండ ఎత్తబోయి దించేసింది. నేను చూడనట్టు నటించాను. ఆవిడ కూడా నేను చూడనట్టే నటించింది. పనికి మాత్రం వెళ్లింది.

నా వేళ్లు పొద్దున లేచేసరికి బిగుసుకుని ఉంటున్నాయి. గిన్నె పట్టుకుంటే కాసేపటికి వదులవుతాయి. ఇది నిగ్గు మానడం వల్లనా? నలభై ఆరేళ్ల వల్లనా? ఇంతకు ముందు కూడా ఉండేదా, నేను గమనించలేదా? ఒక్క మనిషి మీద చేసిన పరీక్ష పరీక్ష కాదని చదువుకున్న రోజుల్లో నేనే పరీక్షలో రాశాను.

మీటరు బల్ల మీదే ఉంది. నా వేలు నేను కొలుచుకోకూడదన్నది నియమం. కొలుచుకోలేదు. ఏ అంకె రావాలని కోరుకుంటున్నానో నాకే తెలియలేదు.

అమావాస్య

పోటు రోజు. కెరటాలు గట్టు అంచు దాకా లేస్తాయి కనుక గోపురాలు మూసేస్తారు. అందరూ మూడో గోపురం నీడలో చేరారు. నేను వరసగా వేళ్లు కొలిచాను. ఎర్రయ్యమ్మకు నలభై ఐదు. దాలినాయుడికి నలభై మూడు. అత్త ఎడమ చెయ్యి చాపింది, కుడి చెయ్యి లేవక. నలభై ఒకటి. "తగ్గనేదేటి?" అని నొచ్చుకుంది.

చివర నా వంతు. నా వేలికి దాలినాయుడు మీటరు పెట్టాడు. చూశాడు. అద్దం పంచెతో తుడిచి మళ్లీ పెట్టాడు.

"అరవై మూడు," అన్నాడు గొంతు తగ్గించి.

అయినా వినబడింది.  తర్వాత వెనక నుంచి ఎవరో "పీటెయ్యండ్రా!" అని అరిచారు. గోపురం గోడలు కూడా నవ్వినట్టనిపించింది.

దాలినాయుడు నవ్వలేదు. నా చెయ్యి పట్టుకునే జనం వైపు తిప్పాడు. "సూసేరా? నిగ్గు మానీసింది ఈయమ్మ. నాలుక సూడండి. పది రోజులు మానీసినందుకే ఒంటి మీదికి ఇరవయ్యేళ్లు వచ్చి పడ్డాయి. ఇంక ఎవులైనా నిగ్గు పనిసెయ్యదంటారా?"

ముందు వరసలో ఒకామె తన చెంపలు తడుముకుంది. నేను ఆయుధమనుకుని తెచ్చుకున్నది ఎదుటివాడి చేతిలోకి వెళ్లిపోయింది. ఒక్క క్షణం నాకూ భయం వేసింది. పొద్దుటి వేళ్ల బిగువు గుర్తొచ్చింది. ఆయన చెప్పేదే నిజమైతే?

అత్త వైపు చూశాను. కుడి చేతిని పమిట కింద దాచుకుంది.

ఉప్పు తట్ట ఒకటి నిండుగా ఉంది. "ఎర్రయ్యమ్మా, నా నెత్తికెత్తు," అన్నాను. ఆవిడ ఎత్తింది. తట్టతో గట్టు చివరి దాకా నడిచి, తిరిగి వచ్చి, దించాను. ఆయాసం వచ్చింది. వస్తే రానీ.

"ఇరవయ్యేళ్లు వచ్చి పడితే ఈ తట్ట నేనెలా మోశాను? పడకపోతే మీటరు ఏం కొలిచింది?" అన్నాను. "నిగ్గును కొలిచింది. తిన్నవాళ్లకు తక్కువ, మానినవాళ్లకు ఎక్కువ. దానికి తెలిసింది అంతే. ఈ పొడి మంచిదో చెడ్డదో నేను చెప్పడం లేదు, నాకు తెలియదు. మా అత్త వయసు మాత్రం ఆ డబ్బాకు తెలియదు. మీ వయసూ తెలియదు."

"మీటరు తప్పని నానొప్పుకోను," అన్నాడు దాలినాయుడు.

"ఒప్పుకోవద్దు. మీటరు ఒప్పు. నాకు అరవై మూడు. నియమం ప్రకారం పీట వెయ్యండి."

ఆయన చేతిలోని మీటరు వైపు, దించిన తట్ట వైపు చూశాడు. వేస్తే, ఇప్పుడే తట్ట మోసిన మనిషిని అందరి ముందూ ముసలిదాన్ని చేయాలి. వేయకపోతే మీటరును కాదనాలి. నేను ఆగలేదు. ఆఫీసుకు నడిచి తలుపు కింది పీట లాగేశాను. వెనక తలుపు ధడేల్న పడింది. పీట తెచ్చి అత్త ముందు వేశాను.

"పీట మీద పేరు రాయాలని ఎక్కడా లేదు. ఇది నాది. నాకు ఇష్టమైన వాళ్లను కూర్చోబెట్టుకుంటాను. రేపు మూడో గోపురం నేనెక్కుతాను."

అత్త ముఖం ఎర్రబడింది. "తియ్యే అది. నాను నలభయ్యొకటి. అందరూ యిన్నారు."

 అత్త చుట్టూ చూసింది. ఎర్రయ్యమ్మ వైపు చూసింది. ఎర్రయ్యమ్మ అత్త భుజం మీది నలుపునే చూస్తోంది. "కూకో సెల్లీ," అంది మెల్లగా. "నీ కాలి కింద గీకీదాన్ని నాను. రోజూ నా పేణం గుప్పిట్లో పెట్టుకునే గీకుతున్నాను."

అత్త ఒక చెయ్యి మోకాలి మీద వేసింది. ఒంగింది. సగంలో ఆగింది. నడుం మీద చెయ్యి వేసుకుని ఆ పీట వైపు చూసింది, అంత లోతు నూతిలోకి చూసినట్టు.

"ఇంత కిందకేటే?" అంది. "కూకుంటే నాను మరి లెగలేను."

ఆ మాట గట్టు మీద ఎవరి నోటి నుంచీ ఇంతవరకు వినలేదు. లెగలేను.

పీట నేల నుంచి నాలుగు వేళ్ల ఎత్తు. ముసలివాళ్ల కోసమని చేసిన పీట మీద ముసలివాళ్లు కూర్చోలేరని ఒక్కరికీ తట్టలేదు. చేసినవాళ్లు పడుచువాళ్లు. ఆ తర్వాత దాని మీద కూర్చుని చూసిన వాళ్లు లేరు.

ముందు కదిలింది ఎర్రయ్యమ్మే. సామాను కొట్టులోకి వెళ్లి ఇంకో పీట తెచ్చింది, మొదటిదాని మీద పెట్టింది. ఇంకోటి. ఆ మీద ఇంకోటి. బూజు దులిపి పేరుస్తుంటే జనం నోళ్లు తెరుచుకుని చూశారు. దాలినాయుడు వచ్చి పై పీట మీద అరచెయ్యి వేసి నొక్కాడు. "ఊగుతున్నాది," అన్నాడు. ఒక చెక్కముక్క ఏరి అడుగున దోపాడు. మళ్లీ నొక్కి చూశాడు.

"ఒరే దాలీ," అంది అత్త. మీటరు వరసలో ఆయనను అన్నా అనాలి. "సెయ్యి పట్టరా."

ఆయన చెయ్యి ఇచ్చాడు. "రా అక్కా," అన్నాడు.

అత్త కూర్చుంది.

శుద్ధ తదియ

మూడో గోపురం పై మెట్టు నేను గీకుతున్నాను. మొదటి రోజు దాలినాయుడు కింద నుంచి అరిచాడు. "అరవై మూడుకి పైపని నిషేధమండీ!"

"అయితే మీటరు తప్పని చెప్పండి, దిగిపోతాను!" అని పై నుంచి అరిచాను.

ఆయన వెళ్లిపోయాడు. ఇంతవరకు మీటరు తప్పనీ అనలేదు, నన్ను దిగమనీ అనలేదు. నీళ్లు వస్తున్నాయి.

అత్త పీటల దొంతర గోపురం నీడలోనే ఉంది. అక్కడ కూర్చుని పైకెక్కే వాళ్లందరినీ ఆపి నిచ్చెన తాడు ముడి చూపించమంటోంది. చూపించకపోతే తిడుతోంది. ఎర్రయ్యమ్మ పని దిగగానే అక్కడికే వచ్చి జడ వేస్తోంది, సెల్లీ అనే పిలుస్తోంది. ఆ వరస మీటరు ఇచ్చిందని ఇన్నాళ్లూ మేము అనుకున్నాం.

శుద్ధ నవమి

కొళాయి దగ్గర నాలుకలు రెండు రంగులయ్యాయి. కొందరు నిగ్గు మానేశారు. కొందరు నన్ను చూసి ముఖం తిప్పుకుంటున్నారు. తిట్టు మారింది. "నీకు పీటెయ్యా" అంటే "ఎన్నేస్తావు?" అని ఎదురడుగుతున్నారు.

నన్ను అడిగిన వాళ్లకు ఒకటే చెబుతున్నాను. మానమనను, తినమనను. ఏ వైపు ఉన్నారో దాచకుండా చెప్పండి, చాలు. నాలుగు కాలాలు పోయాక రెండు రంగుల వాళ్లనూ పక్కపక్కన చూద్దాం. మచ్చలు ఎవరికి తగ్గాయి, జ్వరాలు ఎవరికి వచ్చాయి, ఎవరు నిలబడ్డారు, ఎవరు పడ్డారు. ఇదైనా సరైన పోలిక కాదని తెలుసు. మోకాళ్లు నొప్పిగా ఉన్నవాళ్లే పీట కోసం ముందు మానారు. రేపు వాళ్లు మంచం పడితే నిగ్గు మానినందుకా, ముందే నొప్పులున్నందుకా? వాళ్లలో ఎవరికైనా ఏమైనా అయితే, నా మాట విని మానినందుకా?

మీటరు విషయంలో నాకు అనుమానం లేదు. దాన్ని బల్ల మీంచి తీసి పెట్టెలో పెట్టాను. పౌర్ణమికి తియ్యమంటారు. తియ్యను. ఉద్యోగం తీసుకుంటామంటే తీసుకోమంటాను.

నిగ్గు విషయం వేరు. మీటరు అబద్ధమైనంత మాత్రాన పొడి అబద్ధం కానక్కర్లేదు. డెబ్బై రెండేళ్ల మనిషి మొన్నటిదాకా నిచ్చెన ఎక్కిందంటే అది పొడి బలమా, మొండితనమా? ఆ చేతి నలుపు పొడి చేసిందా, నిచ్చెన చేసిందా? నా వేళ్లు ఇవాళ పొద్దున కూడా బిగుసుకునే ఉన్నాయి.

అంబలి పోస్తుంటే అత్త తన గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది. కుడి చెయ్యే, ఇప్పుడు కాస్త లేస్తోంది.

"నువ్వు సదువుకున్నావు గదే. సరిగ్గా సెప్పు. నాకు నిగ్గు ఎయ్యాలా, మానాలా?"

"తెలియదు అత్తా."

"తెలీకుండానే అంత గొడవ సేసేవా?"

"అవును."

నవ్వింది. నాలుక ఇంకా ఊదాగానే ఉంది. "తెలిసీదాకా అంబలి సల్లారిపోద్ది," అని గిన్నె మీంచి చెయ్యి తీసి, నా ముందుకు జరిపింది. ఏం వేసినా తాగుతానన్నట్టు.

చెంచా నిగ్గు డబ్బాలోనే ఉంది. తియ్యాలో వద్దో నేను ఇంకా తేల్చుకోలేదు.